తొట్టిలో వాన వాసన

పరిశీలన 41

బీఎస్సీ జీవశాస్త్రం చదివే ప్రతివాళ్ళూ రోజుకొక పరిశీలన రాయాలని మా కాలేజీ నియమం. కంటికి కనిపించిందే రాయాలి, కోపతాపాలు రాయకూడదు అని ప్రసూన మేడం మొదటి రోజే చెప్పారు. ఇన్నాళ్ళూ అలాగే బుద్ధిగా రాశాను. ఇక నావల్ల కాదు. ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి ఇవాళ్టి నుంచి ఉన్నదున్నట్టు రాస్తాను, కోపంతో సహా.

ఈరోజు దసరా. ల్యాబులో ఆయుధపూజ చేశారు. కాలేజీ మొత్తానికి ఉన్న ఒకే ఒక మైక్రోస్కోపును అద్దాల బీరువాలోంచి తీసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ప్లాస్టిక్ బంతిపూల దండ వేశారు. ఈ బొగ్గుబావి అడుగున కొబ్బరికాయలు ఎక్కడివి? చక్కెర నైవేద్యంతో సరిపెట్టారు. హారతి కళ్ళకద్దుకుని అందరూ వెళ్ళిపోయారు. ఎవరికో భక్తి ఎక్కువై కన్ను పెట్టి చూసే కటకం మీదే ఇంత బొట్టు పెట్టారు. దాన్ని తుడిచి మళ్ళీ ఏడాదిదాకా బీరువాలో దాచే పని రెండో సంవత్సరం వాళ్ళది, అంటే నాది. చూడడానికి చేసిన యంత్రం కళ్ళకు కుంకుమ కొట్టడం మా కాలేజీకే చెల్లింది.

తుడిచాక కటకం శుభ్రమైందో లేదో తెలియాలంటే దేన్నో ఒకదాన్ని చూడాలి కదా. ల్యాబు పక్కనే కాలేజీ తొట్టి ఉంది. పైన ఎండకు పంట నిలవని రోజులొచ్చి, మా తాతల కాలంలో జనం ఈ పాత బొగ్గుబావిలోకి దిగినప్పటి నుంచి మా తిండి తొట్టిలో పెరిగే నాచే. దాన్ని కాచి జావ చేసుకుని తాగుతాం. ఆ తొట్టిలోంచి ఒక చుక్క తీసి స్లైడు మీద వేశాను.

గుండ్రటి పచ్చ కణాలు కనిపించాయి. అవి ఉండాల్సినవే. వాటి మధ్య గొలుసులు కనిపించాయి, పూసల దండల్లాగా, అక్కడక్కడా ఒక పెద్ద పూసతో. ఇవి ఉండాల్సినవి కావు. మొదటి సంవత్సరం పాఠంలో వీటి బొమ్మ గీశాను. పేరు అనబీనా. వీటిలో కొన్ని రకాలు విషం వదులుతాయనీ, మరిగించినా ఆ విషం పోదనీ అదే పాఠంలో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నెల రోజులుగా మా హాస్టల్లో సగంమంది అమ్మాయిలకు కడుపునొప్పి, వాంతులు.

పరిశీలన 42

మేడంకు చెప్పాను. ఆమె లేచి తొట్టి దగ్గరకు వెళ్తారనుకున్నాను. గోడమీది తెర దగ్గరకు వెళ్ళారు.

తెరలో తొట్టి జంట ఉంటుంది. జంట అంటే బొమ్మ తొట్టి. అసలు తొట్టిలో ఏం జరుగుతున్నదో అది లెక్కకట్టి చూపిస్తుంది. ఈ బావిలో ప్రతి తొట్టికీ, ప్రతి మనిషికీ ఒక జంట ఉంది. మా ప్రాక్టికల్స్ అంటే ఆ జంటను చూసి రికార్డులో బొమ్మ దించడమే.

"చూడు సారక్కా, తొట్టి నూటికి నూరు మంచిగున్నది," అన్నారు మేడం.

"మేడం, నేను జంటను కాదు, తొట్టిని చూసిన."

"దేంతోని చూసినవ్?"

"మైక్రోస్కోపుతోని."

మేడం తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "పూజసామాను అది. వాడినవని ప్రిన్సిపాల్ సారుకు తెలిస్తే నీ సీటు పోతది. నేను విన్లేదు, నువ్వు చెప్పలేదు. పో."

ఆమె చెడ్డమనిషి కాదు. భయస్తురాలు. చెడ్డమనిషైతే కనీసం పోట్లాడడానికైనా వీలుండేది.

పరిశీలన 44

నా తొందర ఎందుకో రాస్తాను. ప్రాక్టికల్ పరీక్షలు అయిన మర్నాడు తోడు పండుగ. ఆ రోజు బావిలోని ఇంటింటివాళ్ళూ పాత తొట్టిని పారబోసి, కడిగి, కాలేజీ తొట్టి నుంచి చెంబెడు కొత్త నాచు తీసుకెళ్ళి తోడు వేసుకుంటారు. పాలకు పెరుగు తోడు వేసినట్టే. తోడు మంచిదైతే ఏడాదంతా మంచి జావ. పుల్లతోడు వేస్తే ఏమవుతుందో పెరుగు తిన్న ఎవరికైనా తెలుసు. తోడు మంచిదని సంతకం పెట్టేది పరీక్షకు వచ్చే ఎక్స్‌టర్నల్. సంతకం పడితే హాస్టల్ కడుపునొప్పి బావి మొత్తానికీ అంటుతుంది. మళ్ళీ పాతదే వేసుకుందామంటే ఎక్కడా పాత నాచు మిగలదు.

అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఐదో ఇంక్లైన్లో, అంటే బావి ఐదో వాలు సొరంగంలో, ఉంటుంది. మా తొట్టి మంచిది.

"అమ్మా, ఈ యేడు మన తొట్టి పారబొయ్యకు."

"గట్లెట్ల బిడ్డా? ఈసారి కాలేజి తోడు వాన వాసనొస్తున్నదట గద! మీ తాత బతికుంటే గిన్నె నాకేటోడు."

ఆ మాట నిజమే. అదే నా ఖర్మ. ఆ గొలుసులకు తొలకరి మట్టివాసన ఉంటుంది. పుస్తకంలోనే ఉంది. వాన మీద పడి యాభై ఏళ్ళయిన ముసలివాళ్ళు మా హాస్టల్ వంటింటి ముందు నిలబడి ఆ వాసన పీల్చి కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళతో అది విషం వాసన అని ఏ నోటితో చెప్పను?

"అమ్మా, ఆ వాసనే జబ్బు. నీ కాళ్ళు మొక్కుత, పారబొయ్యకు."

"పండుగ పూట పాత తోడు పెట్టుకొని కూసుంటే నలుగురు నవ్వరానే? నీకు చదువు ఎక్కువైంది," అని పెట్టేసింది.

పరిశీలన 46

నా రూమ్మేట్ జరీనా నాలుగు రోజులుగా మంచం దిగలేదు. ఇవాళ భుజం పట్టుకుని ఆసుపత్రికి నడిపించాను. డాక్టరు ఆమె ముఖం చూడలేదు, తెరలో ఆమె జంటను చూశాడు. "ఏ జబ్బూ లేదు. పరీక్షల భయం," అన్నాడు. ఆయన అంటుండగానే జరీనా గుమ్మం దగ్గర వాంతి చేసుకుంది. "ఇది కూడా భయమేనా?" అని అడిగితే నర్సు నా చేతికి గుడ్డ ఇచ్చింది, తుడవమని.

జరీనాకు ఒంట్లో ఓపిక లేకపోయినా నోట్లో ఉంది. "నా జంట మంచిగున్నదంట గదనే. రేపటి సంది క్లాసుకు దాన్ని తోలుత. నేను పండుకుంట. హాజరు దానికే ఏసుకోమను," అంది.

నవ్వాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి గోడను గుద్దాను. చెయ్యి నొప్పెట్టింది, గోడకేమీ కాలేదు.

ఇంటినుంచి తెచ్చుకున్న ఎండు నాచుపొడి ఒక డబ్బా ఉంది. ఇకనుంచి జరీనాకు దానితోనే జావ కాస్తాను. పక్క గదుల వాళ్ళు మెస్సు జావే తాగుతారు. ప్రయోగమంటే ఇదే కదా, ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోవడం. పుస్తకంలో చదివినప్పుడు ఇంత పాపిష్టి పని అనిపించలేదు. డబ్బా పెద్దదైతే అందరికీ కాచేదాన్ని.

పరిశీలన 50

జరీనా లేచింది. మెట్లు దిగి, కూనిరాగం తీస్తూ క్లాసుకు వచ్చింది. పక్క గదుల్లో ఎవరూ లేవలేదు.

ఆ ధైర్యంతో క్లాసులో లేచి అడిగాను. "మేడం, తొట్టిల ఏమున్నదో జంటకు ఎవరు చెప్తరు?"

"తొట్టిల పరికరాలుండె. అవి ఎప్పుడో కాలిపోయినయ్. ఇప్పుడు మీ ప్రాక్టికల్ రికార్డులు ఎక్కిస్తున్నం. మీ పరిశీలనలే దానికి ఆధారం," అన్నారు మేడం. కొంచెం గర్వంగానే అన్నారు.

"మా రికార్డులు మేం దేన్ని చూసి రాస్తున్నం మేడం?"

మేడం తెర వైపు చూశారు.

మేం జంటను చూసి రాస్తున్నాం. జంట మమ్మల్ని చూసి నేర్చుకుంటున్నది. మాకు ముందు బ్యాచీ అంతే, వాళ్ళ ముందు బ్యాచీ అంతే. జంటకు తేడాగా రాస్తే మార్కులు పోతాయి కాబట్టి తేడాగా రాసిన మహానుభావుడు ఇంతవరకూ పుట్టలేదు. ఇన్నేళ్ళలో ఆ తొట్టిలోకి ఒక్కరూ తొంగిచూడలేదు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికెవరో. మేం జీవశాస్త్రం చదువుతూ ఆ దూడకు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు వేయించుకున్నాం!

"రికార్డంటే మేంగూడ సీనియర్లవి చూసే దించినం," అన్నారు మేడం చివరికి, మాతో కాక తనతో తనే అన్నట్టు. గంట కాకముందే క్లాసు వదిలేశారు.

పరిశీలన 53

ఈరోజు ప్రాక్టికల్ పరీక్ష. ఎక్స్‌టర్నల్ నరహరి సారు తూర్పు బావి నుంచి వచ్చారు. పెద్దాయన. ముట్టుకుంటే నలుగుతుందేమో అన్నట్టున్న తెల్లచొక్కా. ఒకటో ప్రశ్న, కాలేజీ తొట్టి నమూనా బొమ్మ గీసి వివరించుము. గుండ్రటి కణాలు గీశాను, గొలుసులూ గీశాను, పెద్ద పూసతో సహా.

మౌఖిక పరీక్షలో ఆయన నా కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"ఏందమ్మా ఈ దండలు?"

"అనబీనా సార్. తొట్టిల ఉన్నయి."

"జంటల లేవు."

"తొట్టిల ఉన్నయి సార్. నాలుగడుగుల దూరం. మీరొక్కసారి చూస్తే చాలు."

"నేను ఇరవై ఏండ్ల సంది ఎక్స్‌టర్నల్‌గ పోతున్న. నాకు చూడుడు నేర్పుతున్నవా?" అని సున్నా చుట్టారు. తీరిగ్గా, గుండ్రంగా చుట్టారు. రెండో సంవత్సరం పోయినట్టే. సంవత్సరం పోతే పోయింది, ఆ కలమే సాయంత్రం తొట్టి దగ్గర సంతకం పెట్టబోతున్నది.

ఎక్స్‌టర్నల్‌కు భోజనం పెట్టడం విద్యార్థుల వంతు. ఎవరు ఎంత ఘనంగా పెడితే ఆ బ్యాచీకి అన్ని మార్కులని నమ్మకం. మెస్సువాళ్ళు కాలేజీ తొట్టి జావనే చిక్కగా కాచి, పైన వేయించిన జీలకర్ర చల్లి తెచ్చారు. మూత తీయగానే వాన వాసన గది నిండింది.

నరహరి సారు చెంచా కింద పెట్టేశారు. ముఖం మారిపోయింది. "మా అమ్మ మొదటి వానకు నన్ను వాకిట్ల నిలవెట్టేది. చెమటకాయలు పోతయని. ఇదే వాసన. అచ్చం ఇదే," అన్నారు. ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలేసింది, పొద్దున సున్నా చుట్టిన మనిషే అయినా.

వెళ్ళి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాను. "సార్, తాగకున్రి. ఆ వాసన నేను గీసిన గొలుసులదే. మా హాస్టల్ల పిల్లలు పడిపోయిన్రు."

"సున్నా వచ్చిందని గింత కోపమా బిడ్డా?" అన్నారాయన. అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ సారు నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగారు. నరహరి సారు గిన్నె ఎత్తి తాగారు. మళ్ళీ పోయించుకుని తాగారు.

ప్రసూన మేడం నవ్వలేదు. ఆ సంగతి కూడా రాయాలి.

పరిశీలన 54, అదే రోజు సాయంత్రం

తొట్టి దగ్గర ఇత్తడి చెంబు, పసుపుతాడు, సంతకం కాగితం సిద్ధంగా పెట్టారు. నరహరి సారు కలం మూత తీశారు. అలాగే పొట్ట పట్టుకుని కూలబడ్డారు. తెల్లచొక్కా పాడైపోయింది.

అప్పుడు చూడాలి పరుగులు! స్ట్రెచర్ వచ్చింది. ప్రిన్సిపాల్ సారు చెప్పులు జారిపోయినా ఆగకుండా పరుగెత్తారు. ఆసుపత్రిలో అదే డాక్టరు, అదే తెర. ఆయన నరహరి సారు జంటను చూసి, నీళ్ళు నమిలి, "ఏ జబ్బూ లేదు సార్. మీరు మంచిగున్నరు," అన్నాడు.

"మంచిగున్ననా? నేను సస్తున్ననయ్యా!"

"జంట ప్రకారం..."

"నీ జంట పాడుగాను! నన్ను చూడవయ్యా, నన్ను!"

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఇదే గుమ్మంలో జరీనా నిలబడింది. ఇదే మాట విన్నది. ఆమెకు స్ట్రెచర్ రాలేదు, గుడ్డ వచ్చింది. ఇక పట్టలేకపోయాను. గట్టిగా అరిచాను.

"నెల దినాల సంది మేం గిదే చెప్తున్నం! సారుది కడుపు, మావి కడుపులు గావా?"

ప్రిన్సిపాల్ సారు తన కాళ్ళవైపు చూసుకున్నారు. ఒక చెప్పు లేదు.

నరహరి సారు పడుకున్నచోటు నుంచే చెయ్యి ఊపి నన్ను పిలిచారు. "ఆ దండలు గీసినవు గద. నాకు చూపియ్యి."

మైక్రోస్కోపు బీరువాలో ఉంది, తాళం ఆఫీసులో ఉంది అని నేను చెప్పబోతుండగా తలుపు తోసుకుని ప్రసూన మేడం వచ్చారు. మైక్రోస్కోపును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చారు. దసరానాటి బంతిపూల దండ ఇంకా దానికి వేలాడుతున్నది. చేతికి బీరువా అద్దం గీసుకుని నెత్తురు కారుతున్నది. తాళం కోసం ఆమె ఆగలేదు. స్లైడు మీద తొట్టి చుక్క కూడా వేసి తెచ్చారు.

నరహరి సారును ఇద్దరం పట్టుకుని లేపాం. ఆయన కన్ను పెట్టారు. చాలాసేపు తీయలేదు.

"పెద్ద పూస గూడ ఉన్నది," అన్నారు చివరికి.

"ఉన్నది సార్," అన్నాను.

పరిశీలన 55

సంతకం పడలేదు. పండుగ ఆగింది. కానీ జనం ఆగలేదు. ముందు పారబోసుకున్నవాడికి ముందు వరస అని నిన్న పొద్దుటి నుంచే ఇంక్లైన్లన్నిటా పాత తొట్లు కడిగేసుకున్నారు. అన్ని తొట్లూ తళతళలాడుతున్నాయి, ఖాళీగా. కాలేజీ తొట్టిలో విషం, బావి మొత్తంలో చుక్క నాచు లేదు. తూర్పు బావివాళ్ళు తమ తోడు బయటికి ఇవ్వరు. గాదెల్లో పొడి ఉన్నన్నాళ్ళు తింటాం. తర్వాత ఏం తింటాం, జంటనా?

పరుగెత్తుకుంటూ ఐదో ఇంక్లైన్‌కు పోయాను. మా తొట్టి కూడా కడిగేసి, బోర్లించి ఉంది. దాన్ని పట్టుకుని ఏడ్చాను.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏడువకు. నువ్వంత మొత్తుకుంటివని ఒక బిందెడు ఆపిన. నలుగురు చూస్తే నవ్వుతరని మంచం కింద పెట్టిన."

మంచం కింద బిందె. బిందె మీద అమ్మ పాత చీర. కంపు, వాసన ఏమీ లేని మామూలు పచ్చటి నాచు. అమ్మనూ ఒక చుక్కనూ ల్యాబుకు తీసుకొచ్చి, చుక్కను స్లైడు మీద వేసి చూశాను. గొలుసులు లేవు. అమ్మకూ చూపించాను. "గిదానే మనం తినేది? ముద్దుగున్నదే," అంది.

తోడుకు బిందెడెందుకు, చెంబెడు చాలు. ఐదో ఇంక్లైన్ నుంచి పక్క ఇంక్లైన్‌కు, అక్కణ్ణుంచి ఆ పక్కకు, ఆఖరున సున్నం కొట్టి కడిగిన కాలేజీ తొట్టికి.

పరిశీలన 71

హాస్టల్లో అందరూ లేచారు. ఫలితాలు వచ్చాయి. నేను ప్రాక్టికల్లో తప్పాను. పరీక్షనాటి జంటతో నా జవాబు సరిపోలలేదట. నరహరి సారు మార్చమని రాశారట, ఎక్కిన మార్కు దిగదట. బావిని బతికించినందుకు నాకు దక్కింది సప్లిమెంటరీ. సరే, కడతాను ఫీజు.

నా ఒళ్ళు మండింది అందుకు కాదు.

ఆ గొడవ తర్వాత, తొట్టి కడగకముందు మా బ్యాచీ మైక్రోస్కోపులో చూసి రాసిన పరిశీలనలు జంటకు ఎక్కించారు. తెరలో బొమ్మ తొట్టికి ఇప్పుడు జబ్బు చేసింది, గొలుసులే గొలుసులు. అసలు తొట్టేమో మా అమ్మ తోడుతో పచ్చగా, శుభ్రంగా ఉంది. ఇవాళ ల్యాబులోకి వెళ్తే మొదటి సంవత్సరం పిల్లలు వరసగా కూర్చుని, తెర చూసి, రికార్డుల్లో అనబీనా దించుతున్నారు. పెద్ద పూసలకు షేడింగ్ కూడా వేస్తున్నారు. మైక్రోస్కోపు కొత్త అద్దం వేసిన బీరువాలో ఉంది. గోడకు ప్రిన్సిపాల్ సారు నోటీసు. జంట ప్రకారం తొట్టి పాడైనందున రేపు పారబోయబడును.

"ఎవరన్న తొట్టి మొకం చూసిన్రా?" అని అడిగాను.

"రికార్డు రేపే ఇయ్యాలక్కా," అంది ముందు వరసలో కూర్చున్న స్వరూప అనే పిల్ల. తప్పు ఆ పిల్లది కాదు, అందుకే ఇంకా మండింది.

ప్రసూన మేడం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. ఆమె ఒక్క మాట అడగకుండా తాళంచెవి ఇచ్చారు. బీరువా తెరిచి మైక్రోస్కోపు బయటపెట్టి, దాని మెడలోని బంతిపూల దండ తీశాను. స్టూలెక్కి ఆ దండ తెరకు వేశాను. పూజసామాను డబ్బాలోంచి పసుపు తీసి, తడిపి, తెర ఈ చివర నుంచి ఆ చివరిదాకా దట్టంగా పూశాను. మధ్యలో అరచేతి వెడల్పు బొట్టు పెట్టాను. జంట కనబడకుండా పోయింది.

"ఇగ నుంచి పూజ దీనికి. పని దానికి," అన్నాను.

పిల్లలు మేడం వైపు చూశారు. మేడం వచ్చి తెరకు దండం పెట్టి, తొట్టిలోంచి ఒక చుక్క తీసి స్లైడు మీద వేశారు.

స్వరూప భయం భయంగా వంగి కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి, దించిన బొమ్మను చూసుకుని, మళ్ళీ కన్ను పెట్టింది.

"అక్కా, గొలుసులు లేవు," అంది ఏడుపు గొంతుతో.

"లేవు గద. లేవనే రాయి," అన్నాను.